ఇల్లు, వేట, క్షయ: కెనడా ఉత్తర ధ్రువసీమలో ఇన్యూట్ల ఆరోగ్య చరిత్ర

ఉత్తర ధ్రువసీమలో మనిషి ఆరోగ్యం ప్రస్తావనకు రాగానే మొదట స్ఫురించేది చలి. కానీ గడచిన రెండు శతాబ్దాలలో అక్కడి ప్రజలను కుంగదీసిన కారణాలలో చలి పాలు చాలా తక్కువ. ఆ చలిలో బతకడానికి తరతరాలుగా వారు కూర్చుకున్న ఇల్లు, తిండి, వేట, సంచారం అనే ఆధారాలు బయటివారి రాకతోనూ, ఎక్కడో దూరాన తీసుకున్న నిర్ణయాలతోనూ ఒక్కొక్కటిగా సడలిపోవడమే అక్కడి రోగాల చరిత్రలో ప్రధానాంశం. కెనడా ఉత్తర భాగంలోని ఇన్యూట్ ప్రజల అనుభవం దీనిని స్పష్టంగా చూపుతుంది. వేటవిడుదుల్లో, మంచు ఇళ్లలో బాల్యం గడిపిన తరమే ప్లైవుడ్ ఇళ్లలో ముసలితనానికి చేరింది కనుక, ఇతర సమాజాలలో అనేక తరాల మీద పరచుకున్న మార్పు ఇక్కడ ఒకే జీవితకాలంలో జరిగిపోయింది.

ఇన్యూట్లు, వారి బంధుజాతులు అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్, రష్యా తూర్పు కొసన ఉన్న చుకోట్కా ప్రాంతాలలో నివసిస్తారు. కెనడాలో ఈనాడు వారి జనాభా 70,000 పైచిలుకు. ఇన్యూవియాల్యూట్, నునావుట్, నునావిక్, నునాట్సియావుట్ అనే నాలుగు ప్రాంతాలలోని 51 ఊళ్లు వారి స్వస్థలం. ఈ ఊళ్లలో చాలావాటికి దక్షిణాది నుంచి రోడ్డు మార్గం లేదు. సరుకులు వేసవిలో ఓడల మీద, మిగతా కాలమంతా విమానాల్లో వస్తాయి. ఈ ఊళ్లలో అత్యధికం ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగం తరువాతే ఊళ్లుగా రూపుదిద్దుకున్నాయన్న సంగతిని గుర్తుంచుకుంటే తప్ప అక్కడి ఆరోగ్య స్థితి అర్థం కాదు.

సంచార జీవనం, ఆరోగ్యం

ఊళ్లు ఏర్పడక ముందు కొద్ది కుటుంబాలు ఒక బృందంగా కలిసి తిరిగేవి. శీతాకాలంలో సముద్రపు గడ్డ మీద సీల్ జంతువుల వేటకు, వేసవిలో లోతట్టు నేలల్లో కారిబూ అనే అడవి రెయిన్‌డీర్ల వేటకు, చేపల వలసకాలంలో నదుల వద్దకు ఆ బృందం తరలిపోయేది. మంచు దిమ్మెలతో కట్టే ఇగ్లూ, రాతితో, పచ్చికగడ్డలతో కట్టి పైన తోళ్లు కప్పే కర్మక్, వేసవి తోలు గుడారం, ఈ మూడూ కాలాన్ని బట్టి మారే ఇళ్లు. సీల్ కొవ్వుతో వెలిగే కుల్లిక్ అనే రాతి దీపం వెలుతురునూ, వేడినీ, మంచును కరిగించి తాగునీటినీ ఇచ్చేది. నివాసం తరచుగా మారుతుండడం వల్ల చెత్తాచెదారం ఒకచోట పేరుకునేది కాదు. బృందాలు చిన్నవి కావడం వల్ల తట్టు వంటి అంటువ్యాధులు ఒకవేళ సోకినా నిలదొక్కుకోవడానికి చాలినంతమంది మనుషులు దొరికేవారు కారు.

కూరగాయలు మొలవని నేలలో పోషకాలు దాదాపు అన్నీ జంతువుల నుంచే అందేవి. తిమింగలం చర్మాన్ని దాని కింది కొవ్వుతో సహా పచ్చిగా తినే మక్తాక్‌లోనూ, పచ్చి కాలేయంలోనూ సి విటమిన్ ఉంటుంది. వండితే నశించే ఆ విటమిన్ పచ్చిగా తినడం వల్ల శరీరానికి చేరేది. నెలల తరబడి సూర్యుడు కనిపించని చోట డి విటమిన్‌ను చేపలు, సముద్ర జంతువుల కొవ్వు అందించేవి. ఇదంతా కష్టం లేని జీవనమని చెప్పడానికి వీలు లేదు. కారిబూలు దారి మార్చుకున్న ఏడు ఆకలిచావులు సంభవించేవి, వేటలో ప్రమాదాలు ఎక్కువ, పసిబిడ్డల మరణాలూ ఉండేవి. అయినా ఆ సమాజం ఎదుర్కొన్న అపాయాలు దానికి తెలిసినవి, తన అనుభవంతో తాను ఉపాయం వెదుక్కోగలిగినవి. ఓడల రాకతో ఆ స్థితి మారింది.

ఓడలతో వచ్చినవి

పంతొమ్మిదో శతాబ్దంలో స్కాట్లాండు, అమెరికా తిమింగలవేట ఓడలు బాఫిన్ ద్వీపపు కంబర్లాండ్ అఖాతంలోనూ, తరువాత హడ్సన్ అఖాతంలోనూ, శతాబ్దం చివరిలో పశ్చిమాన మెకంజీ నదీముఖం దగ్గరి హెర్షెల్ ద్వీపంలోనూ శీతాకాలమంతా లంగరు వేసి ఉండడం మొదలుపెట్టాయి. నావికులతో కలిసి పనిచేసిన ఇన్యూట్లకు తుపాకులు, లోహపు పనిముట్లు, పిండి, టీ లభించాయి. వాటితోపాటే తట్టు, ఇన్‌ఫ్లుయెంజా, క్షయ వచ్చాయి. మెకంజీ నదీముఖ ప్రాంతంలో 1850 ప్రాంతంలో సుమారు 2,500 మంది ఉన్న ఇన్యూవియాల్యూట్ జనాభా, 1900, 1902 సంవత్సరాల తట్టు విజృంభణల తరువాత, 1910 నాటికి 150 దరిదాపులకు పడిపోయింది. హడ్సన్ అఖాతపు సౌతాంప్టన్ ద్వీపంలో తమదైన మాండలికం, ఆచారాలు గల సాడ్లర్మ్యూట్ ప్రజలు 1902-03 శీతాకాలంలో, తిమింగలవేట ఓడ మోసుకొచ్చిన అంటురోగం వల్ల, దాదాపు పూర్తిగా నశించారు. 1918 శరత్కాలంలో లాబ్రడార్ తీరానికి వచ్చిన మిషనరీ సరుకు ఓడ హార్మనీతో స్పానిష్ ఫ్లూ చేరగా, ఓకాక్ అనే ఊరిలో 263 మందిలో 204 మంది మరణించారు; మిగిలినవారు ఆ ఊరిని విడిచిపెట్టవలసి వచ్చింది.

ఇంత ప్రాణనష్టానికి రోగనిరోధక శక్తి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఇల్లంతా ఒకేసారి మంచాన పడితే వేటాడేవారు, నీరు కరిగించేవారు, దీపం వెలిగించేవారు లేక, రోగం నుంచి కోలుకోగలిగినవారు కూడా ఆకలితో, చలితో చనిపోయేవారు. నిల్వధాన్యం లేని సమాజంలో మనిషి శ్రమే ఆహార నిల్వ కనుక, కొద్ది వారాల జబ్బు చాలు, శీతాకాలమంతటికీ తిండి లేకుండా పోవడానికి.

తిమింగలవేట క్షీణించాక బొచ్చు వ్యాపారం దాని స్థానాన్ని ఆక్రమించింది. హడ్సన్స్ బే కంపెనీ 1909 నుంచి తూర్పు ఆర్కిటిక్ తీరాల్లో వర్తకస్థావరాలు తెరిచి తెల్లనక్క చర్మాలను కొనడం ప్రారంభించింది. సీల్ తిండీ, బట్టా, దీపపు నూనే ఇచ్చే జంతువు. నక్క చర్మం మాత్రం వర్తకుడి దగ్గర మారకానికే పనికివస్తుంది. ఉచ్చుల వెంట తిరిగే కాలం పెరిగినకొద్దీ సీల్ వేటకు తీరిక తగ్గింది. పిండి, చక్కెర, పొగాకు నిత్యావసరాలయ్యాయి. అప్పు ఇచ్చే వర్తకుడి మీద ఆధారపడడం పెరిగింది. 1930ల ఆర్థికమాంద్యంలోనూ, మళ్లీ 1940ల చివరిలోనూ నక్క చర్మం ధర కూలిపోయినప్పుడు, తుపాకి గుళ్లు కొనే శక్తి లేని కుటుంబాలకు పాత వేట, కొత్త వర్తకం రెండూ ఆసరా కాలేకపోయాయి. బక్కచిక్కిన ఆ శరీరాలలో క్షయ పాతుకుపోయింది.

ప్రభుత్వం, ఓడ, శానిటోరియం

ఇన్యూట్ల బాధ్యత ఎవరిదన్న వివాదంలో కెనడా సుప్రీంకోర్టు 1939లో అది కేంద్ర ప్రభుత్వానిదేనని తీర్పు చెప్పింది. 1941 నుంచి ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఒక సంఖ్య చెక్కిన బిళ్లను ఇచ్చి, ఇంటిపేర్లు లేని ఆ ప్రజలను సంఖ్యలతో నమోదు చేసింది. వైద్య పత్రాలలోనూ మనిషికి ఆ సంఖ్యే గుర్తింపయింది. 1953లో నునావిక్‌లోని ఇనుక్జువాక్ నుంచి కొన్ని కుటుంబాలను సుమారు 2,000 కిలోమీటర్ల ఉత్తరాన, నెలల తరబడి చీకటి కమ్మే రెజల్యూట్, గ్రీస్ ఫియోర్డ్ ప్రాంతాలకు తరలించారు. జంతువుల జాడ, మంచు తీరు తెలియని ఆ చోట వారు పడిన యాతనలకు ప్రభుత్వం 2010లో క్షమాపణ చెప్పింది. 1957లో అహియార్మ్యూట్ అనే లోతట్టు ప్రజలను వారి వేటనేలల నుంచి హెనిక్ సరస్సుకు తరలించగా, ఆ శీతాకాలంలోనే వారిలో ఆకలిచావులు సంభవించాయి. దానికి ప్రభుత్వ క్షమాపణ 2019 జనవరిలో వచ్చింది.

1953లో తరలింపుకు వాడిన సి.డి. హౌ అనే ఓడే క్షయవ్యాధి నివారణలోనూ కేంద్రస్థానం ఆక్రమించింది. 1950 నుంచి ప్రతి వేసవిలో తూర్పు ఆర్కిటిక్ తీరమంతా తిరిగిన ఈ ఓడలో ఎక్స్‌రే యంత్రం, వైద్యులు, దంతవైద్యుడు ఉండేవారు. తీరం నుంచి పిల్లలతో, పెద్దలతో సహా అందరినీ ఓడ మీదికి రప్పించి, ఛాతీ చిత్రాలు తీసి, అక్కడే పరిశీలించేవారు. వ్యాధి ఉందని తేలినవారిని చాలా సందర్భాలలో తిరిగి ఒడ్డుకు పంపేవారు కాదు. వీడ్కోలు చెప్పడానికి గానీ, పసిబిడ్డలను ఎవరికైనా అప్పగించడానికి గానీ, వేట సరంజామాను సర్దుకోవడానికి గానీ వ్యవధి ఇవ్వకుండా, మంచు కమ్ముకొచ్చేలోగా తదుపరి తీరానికి చేరాలన్న తొందరలో ఓడ కదిలిపోయేది.

అలా తీసుకెళ్లినవారిని హామిల్టన్‌లోని మౌంటెన్ శానిటోరియానికి, ఎడ్మంటన్‌లోని చార్ల్స్ కామ్సెల్ ఆసుపత్రికి, క్విబెక్, మనిటోబా ఆసుపత్రులకు చేర్చేవారు. విశ్రాంతి, పౌష్టికాహారం, శస్త్రచికిత్స, తరువాతి కాలంలో మందులతో క్షయరోగిని నెలల తరబడి ప్రత్యేకంగా ఉంచి నయం చేసే సంస్థే శానిటోరియం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915 నుంచి నడిచిన శానిటోరియం వల్ల తెలుగువారికీ ఈ పద్ధతి పరిచితమే. ఇన్యూట్ రోగులు సగటున రెండేళ్లకు పైగా ఆ దక్షిణాది ఆసుపత్రుల్లో గడిపారు. 1956 నాటికి కెనడా ఇన్యూట్లలో ప్రతి ఏడుగురిలో ఒకరు దక్షిణాది ఆసుపత్రుల్లో ఉన్నారు. చేతివృత్తిగా వారు చెక్కిన మెత్తని రాతిబొమ్మలు నేటికీ హామిల్టన్ కళా ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి.

ఈ చికిత్స వేలాదిమంది ప్రాణాలు నిలిపిందనడంలో సందేహం లేదు. స్ట్రెప్టోమైసిన్, 1952లో వాడుకలోకి వచ్చిన ఐసోనయజిడ్ మందులతో 1960లలో క్షయ మరణాలు వేగంగా తగ్గాయి. అయితే దాని మూల్యాన్ని చెల్లించినది మొత్తం సమాజం. వేటగాడు వెళ్లిపోయిన ఇంటికి మాంసం తెచ్చేవారు లేక ఆ కుటుంబం వర్తకస్థావరం పక్కన ప్రభుత్వ సహాయం కోసం గుడారం వేసుకునేది. కుట్టుపని తెలిసిన స్త్రీ వెళ్లిపోతే తోలుబట్టలు కుట్టేవారు లేక వేటగాడు చలిలోకి వెళ్లలేకపోయేవాడు. చిన్నతనంలో వెళ్లిన పిల్లలు ఇంగ్లీషు లేదా ఫ్రెంచి మాత్రమే మాట్లాడుతూ తిరిగివచ్చి, తల్లిదండ్రులతో సంభాషించలేకపోయారు. దక్షిణాదిలో చనిపోయినవారిని అక్కడే పాతిపెట్టారు. సమాధి ఎక్కడున్నదో, కొన్నిసార్లు మరణించారన్న మాటే, ఇంటివారికి దశాబ్దాలపాటు తెలియలేదు.

ఇంతకంటే మానవీయమైన మార్గం ఆ రోజులలోనే తెరుచుకుంది. 1956లో మద్రాసులో భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి ఒక అధ్యయనం ప్రారంభించాయి. పేద రోగులలో కొందరికి శానిటోరియంలోనూ, కొందరికి వారి ఇరుకు ఇళ్లలోనూ ఏడాదిపాటు అవే మందులు ఇచ్చి ఫలితాలు పోల్చగా, ఇంటి చికిత్స దాదాపు అంతే సమర్థంగా పనిచేసిందనీ, ఇంటివారికి వ్యాధి సోకే ప్రమాదం దానివల్ల పెరగలేదనీ 1959లో వెల్లడైంది. అలాస్కాలోని బెథెల్ ప్రాంతపు గ్రామాలలో 1957 నుంచి జార్జి కామ్‌స్టాక్ నాయకత్వంలో ఐసోనయజిడ్‌ను ముందుజాగ్రత్తగా ఇంటింటికీ ఇచ్చిన ప్రయోగం కొత్త కేసులను బాగా తగ్గించింది. గ్రీన్‌లాండ్‌లో డెన్మార్క్ ప్రభుత్వం కొందరు రోగులను తన దేశానికి పంపినా, 1954లోనే అక్కడి గోట్‌హోబ్‌లో, అంటే నేటి నూక్‌లో, ఒక శానిటోరియం తెరిచింది. విడివిడి విడుదులలో చెదిరి ఉన్న కొద్దిపాటి జనానికి మందులు చేర్చడం కెనడాకు కష్టమే అయినా, ఆసుపత్రిని ప్రజల దగ్గరికి తీసుకెళ్లడం కంటే ప్రజలను ఆసుపత్రికి తరలించడమే పాలకులకు సులువనిపించింది.

స్థిరనివాసం తెచ్చిన జబ్బులు

1950ల నుంచి 1970ల మధ్య ఇన్యూట్లు వేటవిడుదులు వదిలి ఊళ్లకు చేరారు. పాఠశాల, వైద్యశాల, కుటుంబభత్యం, ఇల్లు అన్నీ ఊరిలోనే దొరకడం, బడికి వెళ్లిన పిల్లలను విడిచి తల్లిదండ్రులు దూరంగా ఉండలేకపోవడం ఇందుకు ప్రధాన కారణాలు. 1959 తరువాత దక్షిణాది నుంచి దిగుమతైన చిన్న గది ఇళ్లను జనం అగ్గిపెట్టె ఇళ్లని పిలిచేవారు. గాలి మార్పిడికి తగిన ఏర్పాటు లేని ఆ ఇళ్లలో ఒక్కొక్కదానిలో ఎక్కువమంది నివసించవలసి రావడం వల్ల, మందులతో అణగిన క్షయక్రిమి ఒకరి ఊపిరి నుంచి మరొకరికి చేరే అవకాశం శాశ్వతమైంది. పెరిగే జనాభాకు తగినన్ని ఇళ్లు ఆ తరువాతి దశాబ్దాలలోనూ నిర్మాణం కాలేదు. 2021 జనగణన నాటికి కూడా ఇన్యూట్ స్వస్థలాలలో సగానికి పైగా ప్రజలు కిక్కిరిసిన ఇళ్లలోనే ఉన్నారు. 2010లలో కెనడాలో పుట్టిన ఆదివాసీయేతరులతో పోలిస్తే ఇన్యూట్లలో క్షయ రేటు సుమారు 300 రెట్లు ఎక్కువని నమోదు కావడానికి ఈ ఇరుకే ముఖ్య కారణం.

ఊరికి వచ్చిన తరువాత వేటకు వెళ్లే సాధనాలు కూడా తగ్గాయి. బాఫిన్ ప్రాంతంలో పోలీసులు, అధికారులు ఎన్నో స్లెడ్జి కుక్కలను కాల్చి చంపిన విషయాన్ని ఇన్యూట్ సంస్థలే ఏర్పాటుచేసుకున్న కికిక్తాని సత్యశోధన సంఘం 2007 నుంచి 2010 వరకు సాక్ష్యాలు సేకరించి నమోదు చేసింది. కుక్కలు లేనివాడికి మంచుమోటారు వాహనం కావాలి, దానికి పెట్రోలు కావాలి, పెట్రోలుకు డబ్బు కావాలి. 1983లో ఐరోపా దేశాలు సీల్ పిల్లల చర్మాల దిగుమతిని నిషేధించినప్పుడు, ఆ పిల్లలను వేటాడని ఇన్యూట్ల చర్మాల ధర కూడా కుప్పకూలి, వేటకు పెట్టుబడి పెట్టే మార్గం మూసుకుపోయింది. 2007-08లో జరిగిన ఇన్యూట్ ఆరోగ్య సర్వేలో నునావుట్‌లోని ఇళ్లలో పదింట ఏడింటికి చాలినంత ఆహారానికి భరోసా లేదని తేలింది.

మనసుకు తగిలిన గాయం కూడా ఈ చరిత్రలో భాగమే. పూర్వం ఇన్యూట్ సమాజంలో యువకుల బలవన్మరణాలు అరుదు. 1970ల తరువాత, స్థిరనివాసాల్లో పుట్టి, బడికో ఆసుపత్రికో దూరమైన తల్లిదండ్రుల పెంపకంలో పెరిగిన తరంలో అవి పెరిగాయి. కుటుంబ విచ్ఛేదనం, ఇరుకు, ఉపాధి లేమి కలిసి దీనికి నేపథ్యమని గుర్తించి, ఇన్యూట్ జాతీయ సంస్థ 2016లో స్వయంగా నివారణ వ్యూహాన్ని రూపొందించింది.

దూరదేశాల విషాలు, కరుగుతున్న మంచు

1980ల చివరిలో క్విబెక్ వైద్యుడు ఎరిక్ డివైలీ తల్లిపాలలో పారిశ్రామిక రసాయనాల మోతాదును కొలిచినప్పుడు, కాలుష్యం లేని చోటుగా భావించి పోలిక కోసం ఎంచుకున్న నునావిక్ తల్లుల పాలలోనే పీసీబీలనే రసాయనాలు దక్షిణ క్విబెక్ కంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువగా కనిపించాయి. వెచ్చని ప్రాంతాలలో ఆవిరై చల్లని గాలిలో ఘనీభవించి పడే స్వభావం వల్ల ఇవి ధ్రువసీమకు చేరి, కొవ్వులో కరిగి, పాచి నుంచి చేపకు, చేప నుంచి సీల్‌కు, సీల్ నుంచి తల్లికి పేరుకుంటూ పోతాయి. గుంటూరు, వరంగల్ పత్తి రైతులకు బాగా తెలిసిన ఎండోసల్ఫాన్ కూడా ఆర్కిటిక్ గాలిలో నమోదైన రసాయనమే కావడం వల్ల, ఈ విషయం తెలుగునేలకూ పరాయిది కాదు. ఇన్యూట్ నాయకురాలు షీలా వాట్-క్లూటియే తదితరుల కృషితో, ఇలాంటి రసాయనాలను అరికట్టే 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందం ఆర్కిటిక్ ఆదివాసుల ముప్పును తన ప్రస్తావనలోనే గుర్తించింది. 2011లో ఎండోసల్ఫాన్ కూడా ఆ ఒప్పందంలోని నిషేధిత జాబితాకు చేరింది. ఒప్పందం తరువాత పాత విషాల మోతాదు శరీరాలలో తగ్గుతూ వచ్చింది.

ఈలోగా మంచు స్వభావమే మారిపోయింది. 1979 తరువాత ఆర్కిటిక్ మిగతా భూగోళం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. వేటగాడికి రహదారిగా ఉన్న సముద్రపు గడ్డ ఆలస్యంగా కడుతోంది, త్వరగా విరుగుతోంది. అనుభవంతో తెలిసిన దారులు నమ్మకం కోల్పోవడంతో ప్రమాదాలు పెరిగాయి, వేట తగ్గినకొద్దీ కొనుక్కునే చక్కెర, పిండి పెరిగాయి. అలాస్కాలో, ఎప్పుడూ గడ్డకట్టి ఉండే నేలను తవ్వి కట్టిన మాంసపు నేలమాళిగలు కరిగి, తిమింగల మాంసం పాడవుతోంది. ఆహార నిల్వలో చిన్న మార్పు కూడా ఎంత హాని చేయగలదో అదే అలాస్కాలో ఇదివరకే రుజువైంది. చేపతలలను చల్లని గుంటల్లో గడ్డి మధ్య పులియబెట్టే అలవాటు మారి, గాలి చొరబడని ప్లాస్టిక్ పాత్రలలో వెచ్చని ఇంట్లో పులియబెట్టడం మొదలవగా, ప్రాణాంతకమైన బోట్యులిజం విషప్రభావం పెరిగింది.

తిరిగి సొంత చేతుల్లోకి

ఈ చరిత్ర పొడుగునా ఒక విషయం గమనించదగ్గది: చికిత్స గానీ, ఇల్లు గానీ, బడి గానీ బయటి నుంచి పూర్తిగా రూపొందినప్పుడు ఒక జబ్బును తగ్గించి మరొక జబ్బుకు తలుపు తెరిచాయి, ప్రజల చేతిలో పెట్టినప్పుడు వాటి మేలు నిలిచింది. 1970ల నుంచి ప్రసవానికి దక్షిణాదికి విమానాల్లో పంపే పద్ధతిని ఎదిరించి, 1986లో నునావిక్‌లోని పువిర్నితుక్‌లో ఇన్యూట్ స్త్రీలు ప్రసూతి కేంద్రం సాధించుకున్నారు. స్థానిక మంత్రసానులు శిక్షణ పొంది అక్కడే కాన్పులు చేయడం మొదలైన తరువాత, తల్లులు వారాల తరబడి ఇంటికి దూరంగా ఉండవలసిన అగత్యం తగ్గింది. నెయిన్ అనే తీరపు ఊరిలో మంచు అనుకోని తీరుగా పలచబడిన 2009-10 శీతాకాలం తరువాత రూపొందిన స్మార్ట్‌ఐస్ సంస్థ, గడ్డ మందాన్ని కొలిచే సాధనాలను స్థానిక వేటగాళ్ల చేతికిచ్చి, వృద్ధుల అనుభవజ్ఞానాన్ని వాటితో జోడించింది. ప్రభుత్వాలతో కుదిరిన 1975 నాటి జేమ్స్ బే ఒప్పందం తరువాత నునావిక్‌లో నెలకొన్న వేటగాళ్ల సహాయ పథకం, వేటమాంసం ఊరి శీతల గిడ్డంగుల ద్వారా వితంతువులకు, వృద్ధులకు చేరేలా చేసింది.

2018లో కెనడా ప్రభుత్వం, ఇన్యూట్ సంస్థలు కలిసి 2030 నాటికి ఇన్యూట్ స్వస్థలాల నుంచి క్షయను తొలగించాలని ప్రకటించాయి. 2019 మార్చి 8న ఇకాల్యూట్‌లో ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో శానిటోరియం విధానపు కాఠిన్యానికి క్షమాపణ చెప్పారు. అదే సందర్భంలో నానిలావుట్ పథకం ద్వారా, దక్షిణాదిలో చనిపోయినవారి సమాధుల వివరాలను కుటుంబాలకు అందించే ఏర్పాటు ప్రారంభమైంది. క్షమాపణ అవసరమే, కానీ క్షయను తొలగించేది ఇల్లు. గాలి ఆడే గదులు తగినన్ని నిర్మించి, వేటకు ఖర్చు అందేలా చేసి, వైద్యులను స్థానికుల నుంచి తయారు చేసినప్పుడే 2030 లక్ష్యం కాగితం దాటుతుంది. మందులు అందుబాటులోకి వచ్చి ఏడు దశాబ్దాలు గడిచినా, నయం కాగల జబ్బు నేటికీ ఈ జనసమూహాన్ని అంటిపెట్టుకుని ఉండడం వైద్యశాస్త్రపు లోపం వల్ల కాదు. ఇల్లు, తిండి, వేట ఎవరి అధీనంలో ఉండాలన్న ప్రశ్నకు ఇన్నాళ్లూ జవాబును వేరొకరు ఇస్తూ రావడం వల్ల. ఆ జవాబు ఇచ్చే హక్కు ఇన్యూట్లకు ఎంతగా తిరిగి దక్కితే, అక్కడి ఆరోగ్యం అంతగా మెరుగుపడుతుందని పువిర్నితుక్, నెయిన్ వంటి ఊళ్ల అనుభవం ఇప్పటికే నిరూపించింది.